రక్తాన్ని అడిగిన రోజు

గవ్వ ముంగాలు మీద
రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు గీకింది డాక్టర్ నుస్రత్.
నేను మెడ పట్టుకున్న.
అది నా మోచేయి నాకింది.

పోయినేడు ఇదే బల్ల మీద
ఏటా వేయించే సూదే వేయించిన.
ఇంటికి చేరేసరికి మూతి బూరె లెక్క పొంగింది,
కండ్లు రెండు గీతలైనయి.
రాత్రి పదిగంటలకు ఒళ్లో వేసుకొని
ఆటోవాన్ని బతిమాలుకుంట నల్లగొండంత తిరిగిన.
అందుకే ఈసారి
సంచిల నుంచి టీకా కార్డు తీస్తుంటే చెయ్యాగింది.

"ముందుగాల రక్తాన్ని అడుగుదాం" అన్నది డాక్టరమ్మ.
"పాత సూదులు దానికింకా యాదికున్నయా అని.
ఉంటే, చెప్పిందే మళ్ల చెప్పుడెందుకు?"

పార్సిల్ కౌంటర్ల నా పక్క సీటు జంగయ్య
కడుపు పట్టుకొని నవ్విండు.
"సూదికి ఆరొందలు,
సూదొద్దనిపించుకోనీకి రెండు వేలా?
నీ కుక్క కన్నా నువ్వే..."
మిగిలిన మాట దేవరకొండ బస్సు హారన్ల కలిసిపోయింది.

రోజూ రశీదులు రాసేది నేనే.
బత్తాయి బుట్టలు, మోటరు బుష్షులు,
చండూరు నుంచి చీరెల మూటలు,
పెండ్లి కార్డుల కట్టలు.
ఆ దినం థర్మాకోల్ డబ్బా,
ఐసు గడ్డల నడుమ వేలెడు గాజుగొట్టం.
'లోపల ఏమున్నది' అనే గడి కాడ పెన్ను ఆగింది.
రక్తమంటే డ్రైవర్ జడుసుకుంటడు.
మందంటే అబద్ధం.
శాంపిల్ అని రాసిన.
ఇంజను పక్కన పెట్టకని మూడుసార్లు చెప్పిన.

శాంపిల్.
ఆ మాటకు నేను పాతోణ్ణి.
మా మర్రిగూడ బడికి జీపుల వచ్చి
మా పండ్లు చూసిండ్రు,
బోరింగు నీళ్లు సీసాల పట్టుకపోయిండ్రు,
మా నాయిన మూత్రం పట్టుకపోయిండ్రు.
అంకెలొచ్చినయి, ఎప్పటికో.
అప్పటికే ఆయన కొడవలయిండు.
ఆకాశం చూడాల్నంటే
మంచంల ఒక పక్కకు ఒరగాల్సిందే.
తెలిసినా ఏం చేయలేని అంకెలవి.

నాలుగు దినాలు
చౌటుప్పల్ టోలు కాడ బస్సు ఆగిందా,
ఐసు కరిగిందా అని
ఫోను పట్టుకొని తిరిగిన.
గవ్వ మాత్రం గీకిన చోటు నాక్కుంట
ఫ్యాను కింద పండుకున్నది.

కాగితం వచ్చింది.
డిస్టెంపర్‌కు యాంటీబాడీలు సరిపోను ఉన్నయి.
పార్వోకైతే కావాల్సిన దానికంటె శాన ఎక్కువ.

పార్వో.
మా కౌంటర్ వెనక గోనె సంచుల్ల దొరికినప్పుడు
అరచెయ్యంత పిల్ల.
నెత్తురు విరేచనాలు.
ఆరు రాత్రులు చెంచాతోటి ఓఆర్ఎస్ నీళ్లు.
అది వానకాలమా, పీర్ల పండుగ అయినంకనా
ఇప్పుడు ఎంత గింజుకున్నా నాకు గుర్తుకు రాదు.
నేను పారేసుకున్న నెలను
ఇది తొమ్మిదేండ్లుగ
ఎవలికీ చెప్పకుంట మోస్తున్నది.

"సంబురపడకు" అన్నది డాక్టరమ్మ.
"రేబిస్ సూది తప్పదు. గడువొచ్చింది.
దాని కాడ ఈ లెక్క నడవదు.
అది నీ గవ్వ ఒక్కదాని సంగతి కాదు,
బస్టాండ్ల పల్లీలమ్మే పోరగాండ్ల సంగతి."
ఉబ్బకుంట ముందుగాల ఒక మందిచ్చి,
ఆ ఒక్కటే వేసి,
గంటసేపు వరండాల కూసోమన్నది.
నేను గడియారం చూడలే,
మూతినే చూసిన.
మూతి మూతి తీరుగనే ఉన్నది.
ఒక ఈగను పట్టబోయి తప్పింది, అంతే.

తెల్లారి జంగయ్య
సుతిలితో డబ్బా కడుతూ, తలెత్తకుంట అడిగిండు.
"ఆ పరీక్ష మనుషులకు గూడ ఉంటదా?"
"దేనికే?"
ముడి బిగించిండు.
విప్పిండు.
మళ్ల బిగించిండు.
"ఏం లేదులే, మాచర్ల బస్సొచ్చింది" అన్నడు.

ఇంకా రాలే ఆ బస్సు.

గవ్వ ముంగాలు మీద ఇప్పుడు వెంట్రుకలొస్తున్నయి,
తెల్లగ.