మలారం సైకిలు

పర్లాకిమిడిలో కొన్నాను, పద్దెనిమిది వందలకి.
లావు టైర్లు, ఆంబోతు కొమ్ముల్లాంటి హ్యాండిలు,
కాలేజీ కుర్రాడెవడో మోజుపడి కొని
రెండు నెలలకే విసుగెత్తి వదిలించుకున్న బండి.
సీటు మాత్రం పీటంత వెడల్పు.
"కూకుని కూడు తినొచ్చు" అంది దాలమ్మ.
అంతకు మించి మెచ్చుకోలేదు.

ఇంజను కథ వేరు.
పత్తికి మందు కొట్టే పంపులోది.
పంపు పగిలి, భుజం పట్టీలు తెగి,
పాత ఇనుము కొట్టులో తక్కెడ పక్కన పడుకుని ఉంది.
తాడు లాగితే దగ్గింది.
దగ్గేది బతికున్నట్టే లెక్క.

కాశీనగర్ వెల్డింగు షెడ్డులో బిశికేశన్ సబర
నన్ను మూడు భాషల్లో తిట్టాడు.
ముందు సవరలో, తర్వాత ఒడియాలో,
కూలి మాట వచ్చేసరికి శుభ్రమైన తెలుగులో.
తిడుతూనే యాంగిల్ ముక్క కోశాడు,
తిడుతూనే నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.
పాత మోపెడ్ పళ్లచక్రాన్ని వెనక చువ్వలకి బిగించాం,
అటూ ఇటూ లారీ టైరు కోసిన రబ్బరు బిళ్లలు,
తొమ్మిది బోల్టులు.
ఒకటి ఎక్కువ బిగిస్తే చక్రం అష్టవంకర,
ఒకటి తక్కువైతే
గొలుసు ఊడొచ్చి కాలు అడుగుతుంది.

ఇరవై ఆరేళ్లు భుజాన మోసిన గాజుల మలారం
ఆ సోమవారం వెనక క్యారేజీ ఎక్కింది.
గుమ్మ ఘాటీ ఎక్కుతుంటే
నా మోకాళ్లకి ఏం చెయ్యాలో తెలియలేదు,
ఊరికే కూర్చున్నాయి, పెళ్లిలో చుట్టాల్లా.

మొదటి ఊళ్లో
ధడేల్మని తలుపులు వేసుకున్నారు.
మందు కొట్టేవాడొచ్చాడని
పిల్లల్ని లోపలికి లాక్కున్నారు, చింతపండు చాపలు ఎత్తేశారు.
నేను వీధి నడుమ నిలబడి
"గాజులమ్మా, గాజులు" అని అరిస్తే
ఇంజను నా గొంతు తినేసింది.

విప్పి చూస్తే మూడు డజన్లు ముక్కలు.
ఒక ముసలావిడ పచ్చ పెంకొకటి తీసి
ఎండకి పట్టి ఒక కన్నుతో చూసింది.
"దీన్ని ఏ చేతికి వేసుకోవాలి?" అని నవ్వింది.
ఆ ముక్కే అడిగి తీసుకుంది.
డబ్బులివ్వబోతే వద్దన్నాను.

నాలుగు వారాలు
ఇంజను కింద రబ్బరు మార్చాను,
మలారానికి గడ్డి చుట్టాను, దాలమ్మ పాత చీర చుట్టాను.
కార్బొరేటరు మర పావు తిప్పు అటు, పావు తిప్పు ఇటు.
బిశికేశన్ ఇంజను దగ్గర చెవి పెట్టాడు,
నేను గాజుల దగ్గర.
ఇంజను బాగుందని అతనంటే
గాజులు తోటికోడళ్లలా కాట్లాడుకునేవి.
ఒక సాయంత్రం, మర ఎక్కడో ఆగినచోట,
అన్నీ ఒకేసారి నోరు మూసుకున్నాయి.
ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం.
మర తల మీద సున్నంతో గీత గీశాడతను.

చెక్‌పోస్టు కుర్రాడికి మాత్రం అనుమానం తీరలేదు.
"ఇది సైకిలా, బండా?"
పెడళ్లున్నాయి చూడు అన్నాను.
"మరి పొగ?"
దానికి జవాబు లేదు, మూడు గాజులున్నాయి,
అతని చిన్న కూతురి కొలత.

ఇప్పుడు ప్రతి ఊరి మొగలోనూ ఇంజను ఆపేస్తాను.
సీటు మీంచి లేచి పెడల్ మీద బరువంతా పెడితే
మలారం మళ్లీ తన మాట మొదలుపెడుతుంది,
నేను నడిచిన రోజుల్లో లాగే, కొంచెం తొందరగా.
తలుపులు తెరుచుకుంటాయి.
పిండి చేతులు, పసుపు చేతులు, పేడ చేతులు
కడుక్కుని గుమ్మాల్లోకి వస్తాయి.
కొండ ఎక్కడం ఇంజను వంతు,
వీధి తిరగడం నా వంతు.
మోకాళ్లు ఒప్పుకున్నాయి, సగం కూలికి.

రాత్రి ఇంటికొస్తే దాలమ్మ ఎదురు రాదు.
పొయ్యి ముందు నుంచే వింటుంది,
రోడ్డు మలుపు నుంచి వాకిలి దాకా.
"వెనక చక్రానికి ఒక బోల్టు వొదులైనట్టుంది,
కూడు తినేసి బిగించుకో" అంటుంది.

లాంతరు పట్టుకెళ్లి చూస్తాను.
ఆరోది.