నీరటి లెక్క

గౌరాయిచెరువుకు మూడు తూములు.
నడిమి తూము షట్టర్ తుప్పువట్టి
పానా పెట్టినా ఇద్దరి బలం అడుగుతది.
నాకు వచ్చిన చదువు గింతే:
ఎవరి మడికి ఎన్ని గడియలు,
ఎప్పుడు ఎత్తాలె, ఎప్పుడు దించాలె.

బిడ్డకు ఆరో నెల. జ్వరం.
నడిరాత్రి ఎడమ చెయ్యి ఒక్కటే
ఒడ్డున పడ్డ జెల్ల లెక్క కొట్టుకున్నది.
మా అమ్మ ఉరికొచ్చి, నా మొలకున్న పానా గుంజి
పిల్ల పిడికిట్ల పెట్టింది. ఇనుము పెడితే ఆగుతదట.
ఆ పిడికిట్ల అది పట్టనే లేదు.

తర్వాత ఉడుకునీళ్ల తానానికి వచ్చింది.
ఎండకు వచ్చింది.
ములుగు బస్సుల, ఇంజన్ పక్క సీట్ల, ఏడు నిమిషాలు.
కండక్టర్ బస్సు ఆపి ఉల్లిగడ్డ ఉన్నదా అని అందరిని అడిగిండు.
ఎవరో చెప్పు విడిచి ఇచ్చిండ్రు.
స్వరూప ఎవరినీ ఏమీ అడగలె.
పిల్లను పక్కకు ఒరిగించి
నోటితోటి ఒకటి, రెండు, మూడని లెక్కవెట్టుకుంట కూసున్నది.

హన్మకొండల ఒకాయన గోలీలు రాసిండు.
వారానికి రెండుసార్లు వచ్చేది ఆరుసార్లయింది.
మందు పెంచినకొద్ది రోగం పెరుగుడు
ఇదేం లెక్క?

ఎంజీఎంల చిన్న డాక్టరమ్మ నెత్తికి వైర్లు అంటించింది.
కాయితం మీద గీతలు, సుడిగాలికి లేచిన నారుమడి.
రక్తం ఎటో పోయి, నెలన్నరకు మూడు పేజీలై వచ్చింది.
"ఓదెలూ, నువ్వేం పనిచేస్తవ్?"
నీరటిని, అమ్మా.
"అయితే నీకు చెప్పుడు అల్క" అని
చీటీ ఎనుక బొమ్మ గీసింది.

ప్రతి కణానికి ఒక గోడ. గోడకు తూములు,
కండ్లకు ఆననియి, ఉప్పు పోనీకె.
ఉప్పు లోపలికి ఉరికితే కణం పలుకుతది,
సెకనుల వెయ్యో వంతు. మళ్ల మూసుకుంటది.
నవ్వుడంటే గదే. యాది అంటే గదే.
నువ్వు ఇప్పుడు నా మాట ఇనుడు గూడ గదే.

"మా పిల్లయి మూసుకుంటలెవ్వా?"
"ఆ గోలీ రాసినాయన గూడ గట్లనే అనుకున్నడు.
అది తూములు మూసే మందు.
మీ పిల్లకు తెరుసుకునుడే తక్కువ.
అదీ, తక్కిన కణాలను ఊకోమని చెప్పే
కొన్ని కణాలున్నయి, వాటికే.
ఉన్నయే సగం. మందు ఆ సగాన్ని గూడ మూసింది."

నేను జరసేపు మాట్లాడలె.
పదహారేండ్లప్పటి వాన యాదికొచ్చింది.
మత్తడి కాడ ఎవరో చేపలకని తుమ్మకంప అడ్డం కట్టిండ్రు,
దానికి చెత్త తట్టి తొవ్వ పూడింది.
పొలాలు మునుగుతయని మా నాయన
మూడు తూములు బిగించుమన్నడు.
బిగించినం, చేతులు బొబ్బలెక్కంగ.
తెల్లారేసరికి కట్ట తెగింది.

"మత్తడి" అన్న.
డాక్టరమ్మది విజయనగరం దిక్కు, ఆ మాట తెల్వది.
చెప్పిన.
బొమ్మ పక్కపొంటి రాసుకున్నది.

గోలీ మారింది. ఆరు రెండయినయి,
నెలకు ఒకటి అయింది. పోలె.
పోతదని ఆమె అనలె, నేను అడగలె.
ఒక్క అచ్చరం తప్పువడ్డదట, పుట్టకముందే.
తల్లి తప్పు కాదట, తండ్రిది కాదట.
స్వరూప ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నది.

సంజనకు ఇప్పుడు నాలుగేండ్లు.
ఇరవై మాటలు వస్తయి, అందుల నీళ్లు ఒకటి.
నడిజాము తూముకు పొయ్యేముందు
దాని మెడ ఎనుక చెయ్యి పెట్టి చూస్త.
సల్లగ ఉంటెనే చెప్పులు తొడుగుత.

మొన్న దర్వాజ ఎనుక పానా తనే తీసింది.
రెండు చేతులతోటి పట్టి
సున్నం రాలిన గోడకు ఆనిచ్చి తిప్పుతున్నది.
అమ్మ గుంజుకోవోతే వద్దన్న.
"ఎంత ఎత్తాలె, బిడ్డా?"
తలకాయ ఎత్తకుంటనే
"జర" అన్నది.