మూడు తాళ్లు

పొద్దున్న ఐదున్నర, విజయనగరం కంటోన్మెంటు.
ఎడమ చేతికి డాక్టరమ్మగారి లాబ్రడార్:
బస్తా బరువు, బస్తా బుద్ధి.
కుడి చేతికి పట్నాయక్ గారి పమేరియన్;
అది నడవదు, వాదిస్తుంది.
నడుముకి కట్టుకున్న మూడోది నల్లది.
దీనికి ఎవరూ నెలకింతని ఇవ్వరు.
ఒకరోజు వెంటొచ్చింది, వస్తూనే ఉంది.

కరెంటు స్తంభం దగ్గర
ఒకటి ఇటు, ఒకటి అటు,
నల్లది నా కాళ్ల మధ్యనుంచి.
నేను పడుగు, అవి పేక.

టీబండి తవిటమ్మ గ్లాసులు కడుగుతూ అంటాది:
"ఏటి మావా, కుక్కల్ని నువ్వు తిప్పుతున్నావా,
నిన్నే అవి తిప్పుతున్నాయా?"

నవ్వనీ.
ఇరవయ్యారేళ్లు జూట్ మిల్లులో
పోగు తెగిందని కన్ను చెప్పేలోపు
ముడేసేసిన వేళ్లివి.
గేటుకి తాళం పడ్డాక
ఏడాదిపాటు ఒళ్లో పడుకుని
లుంగీ అంచు పీక్కున్నాయి.

ఇప్పుడు విప్పడం నేర్చుకుంటున్నాయి,
ఈ వయసులో.
లాగకూడదు. లాగితే బిగుస్తుంది.
పమేరియన్‌కి ఇది ఎన్నిసార్లు చెప్పానో!

రింగు రోడ్డు మలుపులో
ఎక్కడో ఇంకా నడుస్తున్న మిల్లు
ఆరింటి కూత వేసింది.

ఆగిపోయింది కుక్కలు కాదు.

మూడూ వెనక్కి తిరిగి
నావైపు చూశాయి,
తాళ్లు నేలకి జీరాడేంత వదులుగా.
కాసేపు ఎవరూ ఎవర్నీ లాగలేదు.

తర్వాత పమేరియనే
విసుక్కుని ముందు కదిలింది.