తడి ఆరేలోపు

నరసన్నపేట బజారువీధిలో
పొట్నూరు వారి మేడ ముందు గోడకి
ఏనుగుల తొండాలు పొట్టిగా ఉండేవి.
తప్పు తవిటయ్యది కాదు, ఎండది.
ఆ పూట సున్నం
అతని చెయ్యి కంటే ముందే ఆరిపోయింది.

నాకప్పుడు పన్నెండేళ్లు.
జల్లించిన సున్నం, కరక్కాయ నీళ్లు, నానిన బెల్లం
తట్టకెత్తి పరంజా మీదికి అందించడం నా పని.
రోజుకి మూడు రూపాయలు,
మధ్యాహ్నం చోడి అంబలి, ఒక ఉల్లిపాయ.

ముందు ఇసకా సున్నం.
పైన జేగురు కలిపిన పొర,
దోక్కున్న మోకాలంత ఎర్రగా.
ఆ పైన తెల్లసున్నం, గోరు మందం, అంతే.
తర్వాత ఒక బీడీ కాలేంతసేపు ఊరుకునేవాడు.
లేచి గోడకి చెంప ఆన్చేవాడు
పసిదానికి జ్వరం తగ్గిందో లేదో చూసినట్టు.

అప్పుడు తీసేవాడు మొలలోంచి
రాతి మీద అరగదీసిన గొడుగు ఊచ.

ఊళ్లో బొమ్మలేసేవాళ్లంతా రంగు పూసేవాళ్లే.
ఇతను తీసేసేవాడు.
తెలుపు పిండిలా రాలేది
నా జుట్టు మీద, రెప్పల మీద, అంబలి ముంతలో.
రాలిన చోటల్లా ఎరుపు కళ్లు తెరిచేది:
జీడిపండు, దాని అడుగున వేలాడే గింజ,
సందువా చేప పొలుసులు,
ఎవరి పెళ్లిదో సన్నాయి.
"గీసింది గీసిందే గుంటా,
దీనికి రబ్బరు నేదు."

ఒక్కటే నాకు గిట్టేది కాదు.
ఎరుపుకీ ఇసకకీ నడుమ
ఎవరూ అడగని ఇంకో పొర వేసేవాడు.
నీలం.
చాకలి నీలిమందు, పొట్లాలకి పొట్లాలు,
తన కూలిలోంచే కొని.
ఊచ అంత లోతుకి ఒక్కనాడూ దిగింది లేదు.

"ఏటికి మావా ఈ దండగ?
ఎవుడికి కనపడతాది?"

బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"కనపడ్డానికి కాదే.
ఎర్రకి ఎనకాల ఏటీ నేదనుకుంటే
నా సెయ్యికి బయ్యం."

నాకేం అర్థమవలేదు.
ఇంటావిడకి తొండాలు నచ్చలేదు,
పదిహేను రూపాయలు కోసేసింది.
అందులో నావి మూడు.

సున్నం మనిషిని కూడా పొరలు పొరలుగా తీస్తుంది.
ముసలితనాన
రేషన్ డిపో మిషన్ మీద తవిటయ్య బొటనవేలు పెడితే
అది నాలుగుసార్లు కీచుమని
ఎవరూ లేరంది.
లంగరు కట్టిన పడవలా నవ్వి, అక్కడక్కడే కదిలి
సంచి మడత పెట్టుకుని వచ్చేశాడు.

ఇప్పుడు నేను అపార్ట్‌మెంట్లకి పుట్టీ పెడతాను.
నున్నటి తెలుపు, లోపల మళ్లీ తెలుపు.

మొన్న రోడ్డు వెడల్పుకి ఆ మేడ వంతు వచ్చింది.
పొక్లెయిన్ దాని ఐదు పళ్లూ గోడకి ఆన్చి
కిందికి లాగింది.
తెలుపు పోయింది. ఎరుపు పోయింది.
ఏనుగుల మధ్యనించి
ఐదు నీలం చారలు,
నిన్న కలిపినంత నీలం.

డ్రైవరు కుర్రాడు ఇంజను ఆపి దూకాడు.
"అమ్మో, వాటర్ పైపు తెగ్గొట్టీసేనేటి?"
తడిమి చూసుకున్నాడు. పొడి.
"గోడే" అని స్థిమితపడ్డాడు.

నేను జడలోంచి పిన్ను తీశాను.
మిగిలిన ఏనుగుకి
తొండం ఒక జానెడు పొడిగిద్దామని.
ముప్పై ఎనిమిదేళ్ల సున్నం
పెళ్లలు పెళ్లలుగా ఊడి కాళ్ల మీద పడింది.
తొండం రాలేదు, ఏదో గుంట పడింది.

"అక్కా, తప్పుకో" అన్నాడు కుర్రాడు.
తప్పుకున్నాను.

రాత్రి అన్నం కలుపుకుంటుంటే
చూపుడువేలి గోటి కింద నీలం.
కడగలేదు. ఎడం చేత్తో తిన్నాను.