కాటా మీద మలకొండయ్య

చివరి బేలు దిగింది.
టంగుటూరు వేలం కేంద్రంలో ఫ్యాన్లు ఆపేశారు.
గోనెపట్టాల దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది,
ఘాటుగా, గొంతులో గీరుతూ.

పందొమ్మిదేళ్లుగా ఊళ్లవాళ్ల కష్టం తూచినవాణ్ణి,
ఎవరూ చూడట్లేదనుకొని
చెప్పులు విడిచి
కాటా ఎక్కాను.

నూట పద్నాలుగు.

ఎర్రటి అంకెలు ఓసారి వణికి నిలబడ్డాయి.
"ఇంకొంచెం అయితే నిండు బేలు లెక్కన్నా,
టిక్కెట్టు కొట్టమంటావా?"
గుమ్మంలో ఖాసింపీరా.
వాడు నవ్వాడు, నేనూ నవ్వాను.
కొక్కెం పట్టిన వాడి చెయ్యి తీగలా ఉంటుంది,
పొద్దుటి నుంచి బేళ్లు దొర్లించే చెయ్యి.
నేను వాటి నంబర్లు నొక్కే వేలిని.

ఇది ఒక్కరోజులో పెరిగిన పంట కాదు.
నారు ఎక్కడ పోశానో వెతుక్కుంటూ ఇంటికి పోయాను,
పోయింది బండి మీదే.

మా నాయన ఎముకల గూడు.
ఫోటో చూసినవాళ్లు "ఆ రోజుల్లో ఆరోగ్యాలే వేరు" అంటారు.
ఆరోగ్యం కాదది, ఆకలి.
గట్టు మీద వరిగకూడు, పచ్చిమిరపకాయ.
వరన్నమంటే తిరనాళ్ల నాడే.
అమ్మ కుండ అడుగు గీకి నాకు పెట్టి
తను తిన్నట్టు త్రేన్చేది.

తర్వాత కాలవ నీళ్లొచ్చాయి, బియ్యమొచ్చాయి.
ఆమె మాత్రం పెట్టడం ఆపలేదు.
పళ్లెంలో అడుగు కనిపిస్తే చాలు, మరో గరిటె.
"కడుపు మాడ్చుకోబాక అబ్బయ్యా."
ఆమె పోయి ఏడేళ్లయినా
రాత్రి పదింటికి రెండోసారి వడ్డించుకునేటప్పుడు
ఆ మాటే నా చేతిని ముందుకు తోస్తుంది.

మిగతాదంతా నాదే, అమ్మ మీదికి నెట్టను.
ధర పడిన రోజు రైతుల మొహాలు చూడలేక బజ్జీలు.
ధర లేచిన రోజు వాళ్ల సంతోషం మైసూరుపాకు.
ఎనిమిది టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార.
వంద గజాల అవతలి కొట్టుకు బండి కిక్కు.
మంచం మీద ఫోను వెలుగు, మిక్చరు పొట్లం,
నిద్రపోని వేళ్లు.
గురకతో రావమ్మను
పక్కగదికి పంపిందీ నేనే.

ఒంగోలు డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి
తిట్టలేదు. అందుకే భయమేసింది.
"నడుస్తారా?" అంది.
"కొర్రలు దొరుకుతాయా మీ ఊళ్లో?"
నాయన సిగ్గుపడి చాటుకు తిన్న కూడు
ఇప్పుడు చీటీ మీద మందులా రాస్తున్నారు.
కొట్లో కిలో ఎంతో అడిగి
కాసేపు అక్కడే కూర్చున్నాను.

మొదటి పొద్దు, రైలుకట్ట పక్కన,
ఇంటి నుంచి గేటు దాకా. అంతే.
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ ఆగాను.
ఆగింది ఆయాసానికి, లెక్క ఒక వంక.
యాభై ఎనిమిది.
"కొండ కదిలిందిరోయ్" అన్నారు కుర్రాళ్లు.
నా పేరులోని కొండ వాళ్లు పెట్టింది కాదులే,
మొక్కుకొని పెట్టింది అమ్మ.

రెండో నెలలో గేటు దాటాను.
మూడో నెలలో ఆరు రోజులు మానేశాను.
మేనకోడలి పెళ్లి, బిర్యానీ, అబద్ధమెందుకు.
ఏడో రోజు తెల్లారేసరికి
రావమ్మ తన చెప్పులు నా చెప్పుల పక్కన పెట్టి
ఏమీ అనకుండా నిలబడింది.

ఇవాళ చివరి బేలు దిగాక
ఖాసింపీరాయే పిలిచాడు.
"రా అన్నా, తేమ ఎంత తగ్గిందో చూద్దాం."
చెప్పులతోనే ఎక్కాను.

నూట తొమ్మిది.

వాడు వేలంపాట గొంతెత్తి అరిచాడు
ఖాళీ షెడ్డులో.
పాడేవాళ్లెవరూ లేరు.
"నో సేల్" అన్నాను.

ధర గిట్టనప్పుడు రైతు
తన బేలు తనే ఇంటికి తోలుకుపోతాడు చూడు,
అట్టా
నా బరువు నేనే ఎత్తుకొని
బండి అక్కడే వదిలేసి
ఇంటికి నడిచాను.