చెట్ల తలలు

తెల్లవారుజాము మూడున్నరకి వదిలారు మమ్మల్ని.
పారిస్ అంతా రాత్రి బట్టల మీదే కోట్లు తొడుక్కుని
లాంతర్లతో వచ్చి రోడ్డు పక్కన నిలబడింది.
జెండా ఊపినవాడు దగ్గుతూ ఊపాడు.
నేను తెయొదూల్ గారెక్‌ని, కూర్వియేర్ దొరగారి
పక్కసీటు మెకానిక్‌ని.
సీటని పేరే గానీ
ఒక చెక్క, దానికో తోలు పట్టీ,
పట్టీకి నేను.

నా పని నూనె.
మూడు కిలోమీటర్లకోసారి చేతిపంపు కొట్టాలి,
గాజుబుడ్డిలో చుక్కలు లెక్కపెట్టాలి,
వెనకచక్రం గొలుసు ఏమంటోందో చెవొగ్గి వినాలి.
దారి చూడటం నా పని కాదు.
దారి దొరగారిది.

నిజానికి ఆయనకీ దారి కనబడలేదు.
మా ముందు పదకొండు కార్లు పోయాయి,
పిండిమర నోట్లో తల పెట్టినట్టు ఒకటే తెల్లదుమ్ము.
ఆయన ముఖం పైకెత్తి నడిపాడు.
దుమ్ముకి పైన పోప్లర్ చెట్ల తలలు తేలుతున్నాయి,
అటొక వరుస, ఇటొక వరుస,
నడుమ సన్నటి పాయలా ఆకాశం.
ఆకాశం ఎటు తిరిగితే మేమూ అటు.
ఏదో అరిచాడొకసారి. వినబడలేదు.
పళ్ళు కనబడ్డాయి, నవ్వాడనుకున్నాను.

ఊరొస్తే మాత్రం సైకిలు.
ఊళ్ళో ప్రతి కారూ ఒక సైకిలు వెనకే పోవాలి, అది రూలు.
గంటకి నూట ఇరవై మింగిన ఇనుము
టోపీ పెట్టుకున్న ఓ కుర్రాడి వెనకాల
బడికి పోతున్నట్టు బుద్ధిగా.
అక్కడొక ముసలమ్మ నా చేతిలో ఉడికిన గుడ్డు పెట్టింది.
ఒలిచే తీరిక లేదు. జేబులో వేసుకున్నాను.

అంగులేమ్ ఇంకా రాలేదు.
నేను గొలుసు వైపు వంగి ఉన్నాను.
ఉన్నట్టుండి ఎడమవైపు ఆకాశం పెద్దదయింది.
మలుపనుకున్నాడు. తిప్పాడు.

మలుపు లేదు.
చెట్లు లేవు, అంతే.

బార్లీ చేలో లేచి కూర్చున్నాను.
ఒక చక్రం ఇంకా ఎక్కడికో పోతూనే ఉంది.
దొరగారు వెల్లకిలా.
కళ్ళద్దాల మీద దుమ్ము ఎలా తుడుచుకుపోయిందో,
రెండింట్లోనూ నీలం.
ఏం చెయ్యాలో తెలీక జేబులో చెయ్యి పెట్టాను.
గుడ్డు దానంతటదే ఒలుచుకుంది.
తిన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

బకెట్టుతో నీళ్ళు తెచ్చింది చేనావిడ, సెలెస్టీన్ బుర్గాద్.
నీళ్ళు పొయ్యడం మరిచిపోయి
చర్చిలో గురువుగారికి చెప్పినట్టు నాకు చెప్పింది:
"ఆరు చెట్లు. మొన్న చలికాలం.
అగ్గిపుల్లల ఫ్యాక్టరీకి అమ్మాను.
ఇంటికప్పు కారుతోంది, ఏం చెయ్యను?"
ఏమనను?
నూనె చేతులు ఆవిడ మట్టికే రుద్దుకున్నాను.

పేపర్లు రెండు వారాలు రాశాయి.
వేగమని కొందరు, మదమని కొందరు.
స్టీరింగు రాడ్డు విరిగిందని
పక్క కంపెనీవాళ్ళు.
నా పేరు ఒకదాంట్లో గారే అని పడింది,
మిగతావాటిలో అదీ లేదు.
చెట్ల మాట ఎవరూ ఎత్తలేదు.
నా పెదవీ దాటలేదు.

ఇప్పుడు కెంపేర్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తాను.
వాటికీ చుక్కల నూనే,
కానీ అవి గుడ్డ మీద తప్ప ఎక్కడికీ పోవు.
సాయంత్రం పైపు ముట్టించేటప్పుడు
పుల్ల వేళ్ళదాకా కాలేవరకూ పట్టుకుంటానని
మా ఆవిడ పోట్లాడుతుంది.

ఒక చెట్టుకి ఎన్ని పుల్లలు వస్తాయని
దుకాణంవాణ్ణి అడిగాను ఒకసారి.
లక్ష, అన్నాడు, ఏమీ తెలియకుండానే.

ఆరు లక్షలు.
అన్నీ ఇంకా అయిపోయి ఉండవు.