నాలుగువందల ఒకటి

ఆదోని. జిన్నింగ్ మిల్లు వెనక సందులో
శరణప్ప మండీ, మిద్దెమీద గది.
కీబోర్డు సందుల్లో దూది,
ఫ్యాను రెక్కలకు దూది,
నా టీ గ్లాసులో ఎప్పుడూ ఒక పోగు తేలుతుంటుంది.

పని చిన్నదే.
యార్డు సర్వరును పత్తి ధర అడిగి తెచ్చి
కింద వరండా బోర్డు మీద వెలిగించాలి.
దానికో జావాస్క్రిప్టు లైబ్రరీ ఉంది.
లైబ్రరీ అంటే అందులో పుస్తకాలుండవు,
ఎవరెవరో రాసిపెట్టిపోయిన చేతులుంటాయి.
నా బదులు పోయి అవి తలుపు కొడతాయి.

కొట్టినాయి.
నాలుగువందల ఒకటి, అంది సర్వరు.
నువ్వెవరు అని దానర్థం.

నిన్న అడిగినాను కదా. మొన్న కూడా.
దానికి నిన్న లేదు.
అడిగిన ప్రతిసారీ మొదటిసారే.

యార్డు గేటు దగ్గర దస్తగిరి మామ
ముప్పై ఏండ్లు మా నాయన బీడీకి నిప్పిచ్చినవాడు,
అయినా పొద్దున్నే చెయ్యి అడ్డం పెట్టేవాడు.
"బిళ్ళ సూపియ్యి నర్సప్పా."
"నన్నెరగవా మామా?"
"నిన్నెరుగుదు. బిళ్ళనెరగాల గదా."
నాయన మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి బిళ్ళ పైకి తీసేవాడు.
రెండువందల పన్నెండు.

సూచనలు మళ్ళీ చదివినాను.
హెడరులో ఆథరైజేషన్ అని రాసి,
బేరర్ అని రాసి, ఒక ఖాళీ విడిచి,
ఆ తర్వాత టోకెన్:
అర్థంలేని అక్షరాల పొడుగాటి గొలుసు,
ఊపిరి తిప్పుకోకుండా ఎవరో తిట్టినట్టు.

బేరర్.
నిఘంటువు తెరిచి చూస్తే, మోసేవాడు.

కాసేపు ఏమీ టైపు చెయ్యలేదు.
కింద లారీకి బేళ్ళు ఎక్కుతున్నాయి.

మోసేవాణ్ణి నమ్ము. అంతే ఆ మాట.
ఏ ఊరు, ఎవరి కొడుకు, అడగదు.
చేతిలో ఉంటే చాలు.
అందుకే భయం కూడా.
నాయనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు
కోసిగి ఉరుకుందు అదే బిళ్ళతో
పదకొండు రోజులు మోసినాడు.
దస్తగిరి మామ బిళ్ళను చూసినాడు, మనిషిని చూడలేదు.
లేదా చూసే ఊరుకున్నాడు.
సాయంత్రం కూలిలో సగం మా ఇంటికొచ్చేది.
సగమేనా అని అమ్మ రోజూ లెక్కపెట్టేది.

నేనూ ఒకసారి పోగొట్టుకున్నాను.
పనిలో చేరిన తొలినెల, టోకెన్ను కోడులోనే రాసేసి
అందరూ చూసేచోట పెట్టినాను,
తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు.
రాత్రి పదకొండుకు యార్డు ఆఫీసు నుంచి ఫోను.
"ఏమ్మే హులిగెమ్మా, నీ పేరుతో ఎవురో
నాలుగువేలసార్లు రేటు అడిగినారు."
దాన్ని రద్దుచేసి కొత్తది పుట్టించేసరికి
మిల్లులో రాత్రి షిఫ్టు టీకి దిగింది.
ఇప్పుడది చుక్కతో మొదలయ్యే ఫైలులో ఉంటుంది,
మామూలుగా చూస్తే కనబడదు.
నా మొలతాడు.

ఈరోజు తప్పు వేరే.
బేరర్ తర్వాత ఖాళీ విడవలేదు.
ఒక్క ఖాళీ. దూదిపోగంత.

విడిచినాను. మళ్ళీ పంపినాను.
అవెయిట్ అన్న వరుస దగ్గర ప్రోగ్రాం నిలబడింది.
లైబ్రరీ ముందుగా ఇచ్చేది ధర కాదు,
తెస్తానన్న మాట. ప్రామిస్ అంటారు.
మండీలో మాటలు నాకు తెలుసు,
"రేపు రాప్పా, లెక్క సూద్దాం" వింటూ పెరిగినదాన్ని.
ఈ మాట మాత్రం అరక్షణంలో తిరిగొచ్చింది.

రెండువందలు.
సరే అని.
నాయన నంబరుకు పన్నెండు తక్కువ.

టోకెన్ గంటకొకసారి చచ్చిపోతుంది,
ఇంకోటి చూపించి కొత్తది తేవాలి.
అది కూడా రాసిపెట్టినాను.
ఇత్తడి బిళ్ళకు గడువుండేది కాదు.
భుజానికే ఉండె.

బోర్డు మీద ఎర్ర అంకెలు వెలిగినాయి,
ఏడువేల రెండువందల నలభై.
పెద్దతుంబళం రైతొకాయన తలెత్తి చూసి
"నిన్నటికంటే ముప్పై తక్కువ గదప్పా" అని,
గోనెసంచి మడతపెట్టి కింద వేసుకుని
బోర్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు.